త్రీ నాట్ త్రీకి బంతిపూల దండ

దసరా ముందురోజు విశాఖ దగ్గరి ఆనందపురం పూల మార్కెట్లో తెల్లారకముందే బంతిపూల బేరం జోరందుకుంటుంది. ఆయుధపూజ రోజున బంతి దండ పడని యంత్రం ఉండదు: ఆటోలు, లారీలు, వర్క్‌షాపుల్లో లేత్ మిషన్లు, పోలీసుల ఆయుధాగారాల్లో తుపాకులు. వరసగా పేర్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెడతారు.

ఆ దండం ఎవరికి? ఇనుముకా, దాన్ని పట్టే చేతికా?

తుపాకి జడపదార్థం, పాపపుణ్యాలన్నీ మనిషివే అనేస్తే పేచీ ఉండదు. పాత సైనిక తుపాకులు కొని దాచుకునేవాళ్లు చెప్పేదీ అదే. అమెరికాలో ఏభై ఏళ్లు దాటిన తుపాకిని చట్టం సేకరణ వస్తువుగా చూస్తుంది; సైన్యం వదిలేసిన లీ ఎన్‌ఫీల్డ్‌ను, అంటే మన త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను, అక్కడ కొనుక్కోవచ్చు. తెలిసినవాడు ముందు బోల్టు మీద నంబరూ బాడీ మీద నంబరూ కలిశాయా అని చూస్తాడు. గొట్టాన్ని వెలుతురుకెత్తి, లోపలి మెలిక గాళ్లు అరిగాయా, తుప్పు తిన్నాయా అని ఒంటికన్నుతో పరీక్షిస్తాడు. పాత తూటాలు పేలితే మిగిలే లవణం తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. బ్రిటిష్ సిపాయిలు కాల్చాక గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగింది ఇందుకే. జాగ్రత్తపరుడు తొలి తూటాను భుజాన పెట్టి పేల్చడు. తుపాకిని బల్లకు బిగించి, దూరంగా నిలబడి, తాడుతో ట్రిగ్గర్ లాగుతాడు. జడమే అయితే ఇంత భయమెందుకో మరి!

ఆనందపురంలో ఈ సరదా తీరదు. త్రీ నాట్ త్రీ మన దేశంలో నిషిద్ధ బోరు, సామాన్యుడికి లైసెన్సు దొరకదు. సైన్యం వాడే తూటా బయటి తుపాకిలో పట్టకూడదన్నది తెల్లదొరల నాటి జాగ్రత్త. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ ప్రజలకోసం అదే పోలికలో .315 రైఫిల్ చేసింది. పోలీసుల దగ్గరా త్రీ నాట్ త్రీకి కాలం చెల్లుతోంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో దానికి వీడ్కోలు పలికారు.

జడమన్న వాదానికి గట్టి జవాబు సీతమ్మది. వాల్మీకి అరణ్యకాండలో ఆమె రాముడికి ఒక ముని కథ చెబుతుంది. ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి ఆ మునికి ఒక కత్తి అప్పగించి వెళ్లాడు. పరాయి సొమ్ము కదా, పోతే మాటొస్తుందని ముని కందమూలాలకు వెళ్లినా దాన్ని వెంటే ఉంచుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ మనసు క్రౌర్యానికి అలవాటుపడి, తపస్సు పోయి, నరకం పాలయ్యాడు. కత్తిని అతను కోరలేదు, కొనలేదు. దాచిపెట్టాడంతే. కథ అంతా విన్నాక కూడా రాముడు విల్లు దించలేదు. దండకారణ్య మునులకు మాటిచ్చానన్నాడు. సీతమ్మ అనుమానం మాత్రం తీరినట్టు కనబడదు.

బౌద్ధం ఇంకా కచ్చితంగా ఉంది. ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ఆయుధాలది మొదటిది. భీమిలి దారిలో తొట్లకొండ మీద ఆ బోధ విన్న భిక్షువుల విహారం ఉంది. అది 1976లో బయటపడింది నౌకాదళం తన స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుండగా! విశాఖలో మాత్రమే కుదిరే విడ్డూరం.

విశాఖ మన్యంలోనే సీతమ్మ చెప్పిన ముని కథకు ఎదురుకథ కూడా నడిచింది. సన్యాసి వేషంలో వచ్చిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడిచేసి, 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకెళ్లాడని చరిత్ర. ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. శత్రువు ఆయుధానికి రసీదు! వీరుడి దర్పమని చాలామంది అంటారు. ఆయుధం తనది కాదని ఒక తపస్వి తనకు తాను రాసుకున్న చీటీ అనిపిస్తుంది కూడా. ఆ ముని దగ్గర అలాంటి చీటీ లేదు.

దశమి దాటాక దండలు వాడిపోతాయి. ఆయుధాగారంలో పనివాడు వాటిని తెంపి బుట్టలో వేసి, తుపాకి మడమ మీద ఎండిన కుంకుమను గుడ్డతో తుడిచి, దాన్ని స్టాండులో పెడతాడు. రిజిస్టరు తెరిచి నంబరు సరిచూస్తాడు.