బూరెకో రోజు

స్కాట్లాండ్ తూర్పు తీరాన స్టోన్‌హేవెన్ అనే చిన్న ఊరుంది. 1990లలో అక్కడి చేపల వేపుడు కొట్టులో మార్స్ చాక్లెట్‌ను పిండిలో ముంచి సలసల కాగే నూనెలో వేశారట. పత్రికలకెక్కడంతో ఆ వింత దేశమంతా పాకింది. 2004లో లాన్సెట్ వైద్య పత్రిక ఒక సర్వే ప్రచురించింది. జవాబిచ్చిన స్కాట్లాండ్ కొట్లలో 22 శాతం ఈ వంటకం అమ్ముతున్నాయని తేలింది.

కిటుకంతా మన పూర్ణం బూరెలదే. చాక్లెట్‌ను ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరుస్తారు. నూనె కాక సరిగ్గా ఉంటే పై తొడుగు చిటికెలో గట్టిపడుతుంది. లోపలి తీపి కరిగినా బయటికి రాదు. తోపు పిండి పలచనైతే పూర్ణం చిట్లి నూనెపాలవుతుందని బూరెలు వండే ఏ పిన్నినడిగినా చెబుతుంది.

కిటుకు ఒకటే అయినా, అది కొట్లో కొనుక్కునేది; మన పెద్దలు బూరెకి ఒక రోజు కేటాయించారు. వరలక్ష్మీ వ్రతమో, పెళ్లి విందో రావాలి, మూకుడు పొయ్యెక్కాలి. ఎదురుచూపే సగం రుచి, అదే మితానికి కాపలా కూడా. ఇప్పుడు ఫోను నొక్కితే ఏ తీపైనా గుమ్మంలోకి వస్తోంది. కాబట్టి ఆ పండగ రోజేదో మనమే నిర్ణయించుకోవాలి. ఆ పూట మాత్రం లెక్కలు మాని, బూరెకి చిల్లు పెట్టి, నెయ్యి పోసుకుని కమ్మగా తినండి.