ఆత్మస్తుతియు సాక్ష్యమును

ఆస్ట్రేలియాలో నర్సు ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు సిద్ధపడు తెలుగు యువతికి, ఆరోగ్యవృత్తులవారిని నమోదు చేయు ఆప్రా సంస్థలో నమోదు పూర్తియైన పిమ్మటను, ఒక ధర్మసందేహము మిగిలియుండును: తాను చేసిన సేవను తన నోటనే చెప్పుకొనుట ఆత్మస్తుతి కాదా? కర్ణపర్వమున, అన్నగారిని దూషించిన పశ్చాత్తాపముచే ప్రాణములు విడువ నిశ్చయించిన అర్జునునకు, తన్ను తాను పొగడుకొనుట ఆత్మహత్యతో సమానమని శ్రీకృష్ణుడు బోధించిన కథను వినుచు పెరిగినవారికి ఈ సంకోచము సహజమే.

అయినను, ఎంపిక మండలి కోరునది స్తుతిని గాదు, సాక్ష్యమును. "నేను దయగలదానను" అనుట స్తుతి. అర్ధరాత్రివేళ రోగి చేయి చల్లబడుట గమనించి, రక్తపోటు మరల చూచి, వెంటనే డాక్టరుగారిని లేపితినని చెప్పుట సాక్ష్యము. 2010లో న్యూసౌత్‌వేల్స్ ఆసుపత్రులలో ప్రవేశపెట్టబడిన రోగి స్థితి దిగజారుటను గుర్తించు 'బిట్వీన్ ద ఫ్లాగ్స్' పద్ధతి ననుసరించి, రక్తపోటు వంటి కొలత యొక్క అంకె పట్టికయందలి ఎర్రభాగమున పడినచో, ఎంత క్రొత్త నర్సైనను సత్వర సహాయ బృందమును పిలువవలసినదే. పెద్దలముందు నోరు విప్పరాదను మన వినయము అచ్చట రోగిప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున ఆ యువతి ఇంటర్వ్యూకు సాధన చేయునపుడు "మేము చేసితిమి" అని దాగక, తాను చూచినదియు, పలికినదియు, తడబడిన చోటును సైతము "నేను" అనియే చెప్పవలెనని నా ప్రార్థన.