బాలుడు బడిలో మొదట నేర్చునదేది?

అక్షరాభ్యాసమునాడు శిశువును దొడపై గూర్చుండబెట్టుకొని, పళ్లెరములోని బియ్యముమీద వాని వ్రేలిని బట్టి వ్రాయించునపుడు, వాడు నేర్చుకొనుచున్నది యక్షరములే యని మనమందఱమును దలంచుచున్నాము. కాని వాడక్షరములతోపాటు తన్ను వ్రాయించువాని ముఖమును గూడ జదువుచున్నాడు. అక్షరములు వచ్చుటకు గొన్ని మాసములు పట్టును. ఆ ముఖమునందున్నది దయయో కోపమో, సమదృష్టియో పక్షపాతమో తెలిసికొనుటకు నాలుగు దినములు చాలును. పుస్తకములోని పాఠము కాలక్రమమున మఱపునకు రావచ్చును. ఉపాధ్యాయుని నడవడినుండి గ్రహించినదన్ననో, నేర్చితినని తానెఱుగకయే నేర్చిన విద్య గనుక, మనుష్యుని విడువదు. కావున బాల్యవిద్యను విచారించువారు బడిలో నేమి చెప్పుచున్నారని యడుగుటకు బూర్వము, అచ్చట నేమి జరుగుచున్నదని యడుగవలసియున్నది.

ఈ మాటను ఒక దృష్టాంతముచే బరీక్షింతము. 1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరగు సర్ తామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల స్థితిని దెలుపవలసినదిగా కలెక్టరుల నడిగించెను. అప్పుడు బళ్లారిలో కలెక్టరుగా నుండినవాడు, 1816లో తెలుగుభాషకు వ్యాకరణము రచించిన కాంబెల్ దొర. ఆయన 1823లో బంపిన నివేదిక నాటి వీధిబడులను గన్నులకు గట్టినట్లు వర్ణించుచున్నది. తెలుగు కన్నడములు రెండును వాడుకలోనున్న యా జిల్లాలో నప్పుడు 533 పాఠశాలలును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. ఆ బడులలో బాలురు నేర్చిన పుస్తకవిద్య యెంతయో యట్లుండనిండు; అచ్చటి యాచారములు వారికి గఱపిన పాఠములను జూతము.

మొదటి పాఠము మిక్కిలి శ్లాఘ్యమైనది. పిల్లలు ఇసుకమీద వ్రేలితో నక్షరములు దిద్దుకొనెడివారు. కొంత చదివిన పెద్దబాలురు క్రొత్తగా వచ్చిన చిన్నవారికి నేర్పెడివారు. ఇట్లు చెప్పుటచేత చెప్పువాని చదువును దృఢపడుచుండెనని కాంబెల్ మెచ్చుకొనెను. అంతకు మునుపే, 1789 మొదలు చెన్నపురిలోని సైనికానాథ బాలుర యాశ్రమమును నడపిన యాండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక దేశీయపు బడిలో బిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి యా పద్ధతిని దన బడిలో బ్రవేశపెట్టి, పెద్దబాలురచేత బిన్నలకు జదువు చెప్పించి, యా వృత్తాంతమును 1797లో లండనునందు బ్రకటించెను. ఇంగ్లండులో నది మద్రాసు పద్ధతి యని ప్రసిద్ధి కెక్కినది. తనకు వచ్చినదానిని రానివానికి జెప్పుట ధర్మమని యే నీతిశతకమును జదువకయే ఆ పెద్దబాలుడు నేర్చుకొనెను. విద్య దాచుకొనదగిన సొత్తు కాదని యాఱేండ్ల ప్రాయమున దెలిసికొన్నవానికి, నలువదియేండ్ల ప్రాయమున దానిని మఱల బోధింప నక్కఱలేదు.

రెండవ పాఠము వేఱువిధమైనది. ప్రొద్దున బడికి మొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి మెప్పును దప్పును లేదని తెలుపుట కొక సున్న. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపిమ్మట వచ్చినవారికి వరుసగా నొక్కొక్కటి యెక్కువ. చదువని సోమరిని చేతులు రెండును గట్టి పైకప్పునకు వ్రేలాడదీయుటయు, గుంజిళ్లు తీయించుటయు గలదు. ఈ వ్రేలాడదీయుటనే మనవారు కోదండమనిరి.

వేళకు వచ్చుట మంచియలవాటు కాదా, ఆ బెత్తముక్రింద జదివినవారే గదా తరువాత గొప్పవారైరని కొందఱు పెద్దలు వాదింతురు. వేళకు వచ్చుట మంచిదే. కాని యా వరుసలో గడపటివాడెవ్వడో విచారింపుడు. వాని యిల్లు ఊరి చివర నుండవచ్చును. తల్లి జబ్బుపడగా నీరు తెచ్చి వచ్చియుండవచ్చును. చంటిబిడ్డ నెత్తుకొని యుండవచ్చును. ఆ దెబ్బలలెక్కలో నీ కారణముల కెచ్చటను జోటు లేదు. నీవేల యాలస్యముగా వచ్చితివని యడుగక వేసిన దెబ్బ వేళను గాక, బలవంతుడు విచారింపకయే శిక్షింపవచ్చునను సిద్ధాంతమును నేర్పును. ప్రతివాది చెప్పునది వినక తీర్పు చెప్పరాదనుట న్యాయశాస్త్రమునకు మూలస్తంభము. ఆ స్తంభమును ఐదేండ్లనాడే పెఱికివేసి, వానిని బెద్దవాని జేసి, యింట యజమానునిగను, కచేరిలో నధికారినిగను గూర్చుండబెట్టి, యిప్పుడు న్యాయము తప్పుచున్నాడేమి యని యాశ్చర్యపడుట తగునా? అచ్చట గొప్పవారైనవారు బెత్తమువలన గాక, బెత్తమున్నను గొప్పవారైరి.

భయము సత్యమునకును శత్రువు. సాక్షి బోనులో నిలిచినవాడు ప్రశ్నయొక్క యర్థమును గాక, ప్రశ్నించువాని కనుబొమలను జూచి ప్రత్యుత్తర మిచ్చుట న్యాయవాదులకు నిత్యానుభవము. ఏ జవాబు నిజమని గాక, యే జవాబునకు దెబ్బ తప్పునని యోజించుట నేర్పిన బడి యొకటి వాని వెనుక నుండవచ్చునని యేల తలంపరాదు?

మూడవ పాఠము బడిలో లేనివారివలన నేర్చినది. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. తన చెల్లెలింట నుండగా దానొక్కడే బడికి బోవు బాలునితో, స్త్రీకి విద్య యనావశ్యకమని యెవ్వరును జెప్పనక్కఱలేదు. ప్రక్కనున్న ఖాళీచోటే చెప్పును. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినప్పుడు, అది బాలికలకు విద్య నేర్పుటయేగాక యా యూరి బాలుర పాఠమును గూడ దిద్దినది.

ఇప్పటి శాసనము లేమి చెప్పుచున్నవి? 2024 వఱకు నమలులో నుండిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 89వ సెక్షను, పండ్రెండేండ్లలోపు వాని మేలునకై సంరక్షకుని సమ్మతితో సద్బుద్ధిచే జేసిన పనిని నేరము కాదనుటచేత, మితమైన దండనకు ఉపాధ్యాయులకు జిరకాలము రక్షయైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. కాని యా చట్టములో బాలుడనగా నాఱు మొదలు పదునాలుగేండ్లవాడు. మూడు మొదలు ఆఱేండ్ల శిశువుల విద్యకు ప్రభుత్వము లేర్పాటులు చేయవచ్చునని మాత్రమే 11వ సెక్షను చెప్పుచున్నది. మనస్సు మైనమువలె నుండు నేండ్లు ఆ చట్టపు గడపకు వెలుపలనే మిగిలినవి. శాసనము చేతిలోని బెత్తమును లాగికొనగలదు. ఆ చేతికి వాత్సల్యము నీయజాలదు.

ఆ పని మనుష్యులది. ఘూర్జరదేశమున గిజుభాయి బధేకా యను న్యాయవాది తన వృత్తిని మాని, 1920లో భావనగరమున బాలమందిరమును దెఱచి, భయమును బహుమానమును లేక పిల్లలు నేర్చుకొందురని యాచరణమున జూపెను. న్యాయస్థానమున వాదించుటకంటె, న్యాయబుద్ధి మొలకెత్తుచోట నీరుపోయుట మేలని యా జీవితము మాకు బోధించుచున్నది.

సోదరులారా! మీ బిడ్డను బడిలో జేర్పబోవునప్పుడు భవనమును, రుసుమును, పరీక్షల ఫలములను మాత్రమే విచారించి మరలి రాకుడు. ఒక పూట యచ్చట గూర్చుండుడు. ఆలస్యముగా వచ్చినవానిని ఏల యని యడుగుచున్నారా? తెలిసినవాడు తెలియనివానికి జెప్పుట కెడమున్నదా? వెనుకవరుసలో నెవ్వరిని గూర్చుండబెట్టిరి, అసలెవ్వరు రాలేదు? ఈ ప్రశ్నలకు దొరకు సమాధానములే మీ బిడ్డ యచ్చట నేర్వబోవు మొదటి పాఠములు. తక్కిన పాఠములు పుస్తకములలో నున్నవి. వానిని రేపు నేర్చుకొనవచ్చును.