చేతికి తెలిసినది జ్ఞానమేనా?

పామేడు బీజాపూర్ జిల్లా కొసన ఉన్న ఊరు. ఛత్తీస్‌గఢ్ ఊరే అయినా, చాలా ఏళ్లు జిల్లా కేంద్రం నుంచి అక్కడికి చేరాలంటే తెలంగాణలోని చర్ల మీదుగా చుట్టి రావలసి వచ్చేది. ఆ అడవి పల్లెల్లో ఇంటి మాట కోయ, దోర్లీ, సంతలో తెలుగు, బడి పుస్తకంలో హిందీ. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది, 2009 నాటి విద్యాహక్కు చట్టమూ అదే చెప్పింది. అయితే బడి గడప బయట ఆగిపోయేది భాష ఒక్కటే కాదు. వెదురు చీల్చడం, అడ్డాకులు కుట్టడం చూస్తూ పెరిగిన పిల్లల బుద్ధి కూడా అక్కడే ఆగిపోతుంది. చేతిపనిని చదువు మధ్య విరామంగానే చూస్తాం కదా. చేయడం వేరు, తెలియడం వేరు, మొదటిది రెండోదానికి మెట్టు మాత్రమే అన్న పాత తాత్విక నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం తప్పని నా వాదన.

మూడో తరగతి పిల్ల ఒకే అల్లిక బద్దతో చిన్న బుట్ట అల్లుతోందనుకుందాం. నిలువు బద్దలు ఎనిమిది. ఒకదాని పైనుంచి, తర్వాతిదాని కిందినుంచి పోనిస్తూ చుట్టు పూర్తిచేస్తే, రెండో చుట్టూ మొదటిది నడిచిన దారినే నడుస్తుంది. పైన పోయినచోట పైనే, కింద పోయినచోట కిందే. అల్లికకు పట్టు దొరకదు. తొమ్మిదో బద్ద చేర్చితే, మొదట పైనుంచి పోయినచోట ఈసారి కిందినుంచి పోతుంది, బుట్ట బిగుస్తుంది. (పనివాళ్లు సరి సంఖ్యతోనూ అల్లుతారు, కానీ అప్పుడు రెండు అల్లిక బద్దలు వాడతారు.) జతలు కట్టగా మిగిలిన ఆ ఒక్కటే బుట్టను నిలబెట్టిందని గ్రహించిన పిల్లకు బేసి సంఖ్య అంటే ఏమిటో తెలిసినట్టే. న్యాయసూత్రాలకు రాసిన న్యాయభాష్యం ఆరంభంలోనే వాత్స్యాయనుడు, ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, సరైనదని తేలేది దాన్ని ఆధారంగా చేసుకున్న ప్రయత్నం ఫలించడం వల్లనే అంటాడు. నల్లబల్ల మీది జవాబు సరైనదని పంతులుగారు చెప్పాలి. బుట్ట విషయంలో ఆ మాట బుట్టే చెబుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం శంకరుల భాష్యంలో ఉంది. కర్మ పురుషతంత్రం, చేసేవాడు చేయవచ్చు, మానవచ్చు, మరోలా చేయవచ్చు. జ్ఞానం వస్తుతంత్రం, వస్తువు ఎలా ఉందో అలాగే ఉండాలి. కాబట్టి చేతల నుంచి జ్ఞానం పుట్టదు. ఆయన దృష్టి బ్రహ్మజ్ఞానం మీద ఉంది, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆయన కొలబద్దనే బడికి తెచ్చి చూడండి. అల్లాలా మానాలా అన్నది పిల్ల ఇష్టం. ఎనిమిది బద్దలకు పట్టు దొరక్కపోవడం ఆమె ఇష్టం కాదు. చేత మొదలుకాగానే వస్తువు తన స్వభావాన్ని ముందుపెట్టింది. వస్తుతంత్రమైన ఎరుక ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడ దొరుకుతుంది?

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఆదివాసీ బిడ్డకు బుట్టలల్లిక నేర్పడమంటే ఆమెను బుట్టల దగ్గరే కట్టిపడేయడం కాదా? 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ పిల్లల బడి వేళలు తగ్గించి, మిగతా సమయం తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోమన్నారు. అది కులవిద్యా పథకమని ప్రజలు తిరగబడ్డారు, మరుసటి ఏడే అది రద్దయింది. ఆ తిరుగుబాటు న్యాయమైనది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన, చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీమ్‌లోనూ, పిల్లలు చేసిన వస్తువుల రాబడితో బడి నడవాలన్న భాగం నాకు సమ్మతం కాదు. అమ్మకం లెక్క వచ్చిందంటే తొందర వస్తుంది, ఎనిమిది బద్దలతో ఓడిపోయే తీరిక పోతుంది. నేను కోరేది పుట్టుకతో వచ్చే పని కాదు. రాయ్‌పూర్‌లో అధికారి బిడ్డ కూడా అల్లాలి, పామేడు బిడ్డ అల్లినదాన్ని లెక్కగా, వాక్యంగా రాయాలి, ముందు ఇంటి మాటలో, తర్వాత హిందీలో. ఊళ్లో అల్లిక తెలిసినవారిని తరగతిలో గురువుగా కూర్చోబెట్టి, గురువుకు తగిన వేతనం ఇవ్వాలి. ఆ వేతనం బడ్జెట్‌లో కనిపించనంత కాలం, చేతిపనికి మనమిచ్చే గౌరవం మాటల్లోనే ఉన్నట్టు.