విస్తరిలోని శేషము

భోజనానంతరము మిగులు అన్నమును గూర్చి మన ప్రాచీనులు చేసిన విచారణ మిక్కిలి సూక్ష్మమైనది. యజ్ఞమునకు వినియోగింపగా మిగిలినది అమృతమనియు, అతిథులును ఆశ్రితులును భుజింపగా మిగిలినది విఘసమనియు పేర్కొని, గృహస్థుడు నిత్యమును ఇట్టి శేషమునే భుజింపవలెనని మనుస్మృతి విధించినది. తమకొఱకు మాత్రమే వండుకొనువారు పాపమునే భుజింతురని గీతాచార్యుడు తృతీయాధ్యాయమున ఇంకను కఠినముగా పలికెను. అయితే తినువాడు తిని విడిచినది శేషము కాదు, ఉచ్ఛిష్టము. మన యిండ్లలో ఎంగిలి. రెండును మిగిలిన అన్నమే, కాని మొదటిది పరులకు పెట్టిన పిమ్మట మనకు దక్కినది. రెండవది మనము తినిన పిమ్మట ఎవరికిని దక్కకుండ పోయినది.

నేటి హోటలు బల్లలపై మిగులుచున్నది ఈ రెండవదియే. సెలవుదినమున సాయంకాలము కుటుంబసమేతముగా వెళ్ళి, ఆకలిని కడుపుతో గాక కంటితో కొలిచి, స్టార్టర్లు రెండు, వానిపై ఫ్యామిలీ ప్యాకు బిర్యాని, పిల్లవాడు అడిగినాడని నూడిల్సు, పోరుపడలేక మరియొక కూర తెప్పించుకొని, బిర్యాని బల్లకు వచ్చునప్పటికే స్టార్టర్లతో కడుపు నిండియుండుటచే, అందలి ముక్కలు మాత్రమే ఏరుకొని అన్నమును ప్లేట్లలో వదలి లేచువారిని చూడని పట్టణవాసి యుండడు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమువారు 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2022లో ప్రపంచమున వృథాయైన ఆహారము 105 కోట్ల టన్నులు. అందు 28 శాతము హోటళ్ళు మొదలగు భోజనశాలలదే. అరువది శాతము ఇండ్లలోనిదే యగుటచే, హోటలు ముఖము చూడనివారు గర్వింపవలసిన పని లేదు. కాని యింట మిగిలిన అన్నము మరునాటి ఉదయమునకు చద్దిగానో తాలింపు అన్నముగానో మారుటకు కొంత అవకాశము కలదు. పలువురి చేతులు సోకిన హోటలు ప్లేటుకు ఆ గతియు లేదు.

ఈ విషయమై ఎవరినైన కదలించినచో వచ్చు సమాధానము ఒక్కటే: డబ్బిచ్చితిమి గదా! ఈ వాదమునకు ఉత్తరము తైత్తిరీయోపనిషత్తున భృగువల్లిలో కలదు. వరుణుని కుమారుడైన భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. తరువాత ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందమును చేరెను. అంతటితో ఉపనిషత్తు ముగియవలసినది; ముగియలేదు. ఆనందమును ఎఱిగిన పిమ్మట మరల అన్నముకడకే వచ్చి, అన్నమును నిందింపకుండుట, త్రోసిపుచ్చకుండుట, సమృద్ధముగా పండించుట అను వానిని వ్రతములుగా విధించినది. బ్రహ్మజ్ఞానమునకు ద్వారమైనది అన్నమే గనుక దానిని గురువును వలె భావింపవలెనని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించిరి. గురువునకు దక్షిణ సమర్పించినంత మాత్రమున గురువు మన సొత్తగునా? బిల్లులోని పైకము వంటవాని శ్రమకును, గ్యాసునకును, హోటలు అద్దెకును చెల్లినది; నారు పోసి, నీరు పెట్టి, కోసి, నూర్చిన రైతు యొక్క కాలమును మనము కొనలేదు.

కొంత విడుచుట సంప్రదాయమే గదా యని కొందఱు పండితులు ఆక్షేపింపవచ్చును. నిజమే, పరిషేచన మొనర్చి, విస్తరి ప్రక్కన చిత్రాహుతులుగా నాలుగు మెతుకులుంచు ఆచారము కలదు. అవి భోజనమునకు పూర్వము, ఎంగిలి పడకముందే, భక్తితో ఇచ్చినవి. సగము బిర్యానికి వానిని ప్రమాణముగా చూపుట సాహసము. మిగిలినదంతయు బలవంతముగా తిని లేచుటయు ధర్మము కాదు. అతిగా భుజించువానికి యోగము సిద్ధింపదని గీత ఆఱవ అధ్యాయమున స్పష్టముగా చెప్పబడినది. కావున అన్నమును కాపాడవలసిన క్షణము తినుటకు పిదప కాదు, వడ్డించుకొనుటకు ముందు.

మన పంక్తి భోజనమున ఈ రహస్యము ఇమిడియున్నది. వడ్డించువాడు కొంచెము కొంచెముగా మారు వడ్డించుచు వచ్చును. చాలినవాడు విస్తరిపై చేయి అడ్డము పెట్టును. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానమున నేటికిని వడ్డించువారు బంతి వెంట మరల మరల వచ్చుచునే యుందురు. మెనూ కార్డు ఈ క్రమమును తలక్రిందులు చేసి, మొదటి ముద్ద నోట పెట్టుకొనకముందే కడపటి ముద్దను నిర్ణయింపుమనుచున్నది. దానిని మరల సరిచేసికొనుట కష్టము కాదు. ఇది ఎందఱకు సరిపోవునని సర్వరును అడిగినచో అతడు చెప్పును. సూపును వన్ బై టూ తెప్పించుకొను అలవాటు మనకున్నదే, దానిని బిర్యానికిని వర్తింపజేయవచ్చును. ఉమ్మడి పాత్రలో వేరుగా గరిటె యుంచి, ఎవరి చేయియు సోకనీయకున్నచో, మిగిలినది ఎంగిలి కాదు. వేడి తగ్గకముందే పార్సెలు కట్టించి యింటికి తీసికొనిపోవుటకు సిగ్గేల?

అన్నిటికంటె కష్టమైనది ట్రీటు ఇచ్చువాని మొహమాటము. తక్కువ తెప్పించినచో పిసినారి యందురేమో యని అతడు భయపడును. వలదన్నచో నొచ్చుకొనునేమో యని వచ్చినవారు మిన్నకుందురు. ఇరువురి మర్యాదకును అన్నము బలియగును. ఈ ముడిని విప్పదగినవాడు పిలువబడినవాడే. "మొదట రెండు తెప్పించండి, చాలకపోతే మళ్ళీ చెపుదాం" అని అతడే యన్నచో పిలిచినవాని పరువునకు లోపము రాదు. సర్వరు రెండవమారు వచ్చుటకు విసుగుకొనడు. వంటశాల ఆ గోడ కావలనే యున్నది.