టేబుల్ ప్రాఫిట్

సినిమావాళ్ళ మాటల్లో నాకు బాగా నచ్చింది టేబుల్ ప్రాఫిట్. సినిమా ఇంకా విడుదల కాలేదు, హిట్టో ఫట్టో ఎవరికీ తెలీదు. అయినా నైజాం, సీడెడ్, ఆంధ్ర హక్కులు, ఓటీటీ, శాటిలైట్ అన్నీ అమ్మేసి నిర్మాత లాభంలో కూర్చుంటాడు. శుక్రవారం ఏమైనా అతనికి ఒకటే. మేముండే రహమత్ నగర్‌లో ఈ మాట లైట్‌మన్‌లకీ, జూనియర్ ఆర్టిస్టులకీ కూడా తెలుసు. జూబ్లీహిల్స్‌లో వేసుకునే లెక్కలు మా ఇరుకు సందుల్లో టీకొట్టు దగ్గర మళ్ళీ ఓసారి తేలుతుంటాయి.

ఈ మాట బెట్టింగ్ ఎక్స్ఛేంజీలకీ సరిగ్గా సరిపోతుంది. 2000లో లండన్‌లో మొదలైన బెట్‌ఫెయిర్ జనంలోకి తెచ్చిన పద్ధతి ఇది: మధ్యలో బుకీ ఉండడు, పందెం కాసేవాళ్ళే ఒకరికొకరు ఎదురు నిలబడతారు. ఒక జట్టు గెలుస్తుందని కాస్తే బ్యాక్, గెలవదని కాస్తే లే. రేటు బంతిబంతికీ మారుతుంది. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంటాడు. అక్కడ ఇది చట్టబద్ధమే, రోజూ సాయంత్రం ఇదే పని. "నేను జూదం ఆడట్లేదురా. రేటు కొంటా, రేటు అమ్ముతా. ఎవడు గెలిస్తే నాకేంటి?" అంటాడు.

వాడి లెక్క చూద్దాం. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 245 కొట్టింది. అంత లక్ష్యం ముందుంటే సన్‌రైజర్స్ రేటు 3 ఉందనుకుందాం (అసలు రేటు ఎంతుందో అనవసరం, లెక్క కోసమే). వెయ్యి రూపాయలు బ్యాక్ చేశాడు. అభిషేక్ శర్మ బాదుడు మొదలెట్టాడు, 55 బంతుల్లో 141. మధ్యలో ఎక్కడో రేటు ఒకటిన్నరకి దిగింది. అప్పుడు రెండు వేలు లే చేశాడు. ఇక హైదరాబాద్ గెలిస్తే మొదటి పందెంలో రెండు వేలు వచ్చి, రెండో దాంట్లో వెయ్యి పోతుంది. ఓడితే మొదటి వెయ్యి పోయి, రెండో దాంట్లో రెండు వేలొస్తాయి. ఎటైనా కమిషన్‌కి ముందు వెయ్యి మిగులు. టీవీ కట్టేసి పడుకోవచ్చు.

ఇది చూసి మొదట నాకు ముచ్చటేసింది. ఎవరు గెలుస్తారో పట్టని మనిషి జూదరి ఎలా అవుతాడు? జూదరికి ఉండే ఆశ, వణుకు, మొక్కులు ఏవీ వీడికి లేవు. కానీ ఆ వెయ్యి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగి చూడండి. మావాడికి అవతల ఇద్దరున్నారు. రేటు 3 దగ్గర ఎదురు కాసినవాడొకడు, ఒకటిన్నర దగ్గర హైదరాబాద్ మీద కాసినవాడు ఇంకొకడు. మ్యాచ్ ఎటు పోయినా ఆ ఇద్దరిలో ఒకడు రెండు వేలు పోగొట్టుకుంటాడు. అందులో వెయ్యి రెండోవాడికి, వెయ్యి మావాడికి. వాళ్ళూ మావాడిలాగే రేటు వేరొకరికి అమ్మేసి తప్పుకొని ఉండొచ్చు. అయినా ఆ వెయ్యి పోగొట్టుకునేవాడు ఒకడు ఎక్కడో ఉండి తీరతాడు. ఆ వణుకు మాయమవలేదు, వీడి చేతిలోంచి వాడి చేతిలోకి వెళ్ళిందంతే.

టేబుల్ ప్రాఫిట్‌లోనూ అంతే కదా, డిస్ట్రిబ్యూటర్ మునుగుతాడు కదా అనొచ్చు. నిజమే. కాకపోతే అక్కడ ఒక సినిమా అంటూ తయారైంది, మా సందులో నాలుగిళ్ళకి బత్తా వచ్చింది. పైగా సినిమా పోతే కొన్నవాడు వచ్చి ఆఫీసులో కూర్చుంటాడు. 2002లో 'బాబా' ఆడకపోతే రజనీకాంత్ కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చాడు. ఇవ్వాలని ఏ అగ్రిమెంటూ చెప్పి ఉండదు, మొహాలు తెలుసు కాబట్టి ఇచ్చాడు. ఎక్స్ఛేంజీలో మొహం ఉండదు. నీలం గడి, గులాబీ గడి, వాటిలో అంకెలు.

మావాడి దగ్గర ఇంకో వాదం ఉంది: "ఇది స్కిల్లు." కోర్టులూ చాలాకాలం ఈ గీత దగ్గరే తచ్చాడాయి. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. 1996లో గుర్రప్పందేలకీ అదే మాట చెప్పింది. తెలంగాణ 2017లో ఆ మినహాయింపు తీసేసింది, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచితే, స్కిల్లు ఉంటే తప్పు తగ్గుతుందన్న నమ్మకమే నాకు వింతగా ఉంటుంది. సభాపర్వంలో శకుని సరిగ్గా ఇదే వాదిస్తాడు: తెలిసినవాడు తెలియనివాడి మీద గెలవడాన్ని లోకం మోసమనదు కదా, భయమైతే మానెయ్. ధర్మరాజు దగ్గర దానికి జవాబు లేకపోయింది. నాకు తోచే జవాబు, చదరంగంలో ఎదుటివాడికి తను ఎవరితో ఆడుతున్నాడో తెలుసు. ఇక్కడ తెలీదు. తను క్రికెట్‌తో ఆడుతున్నాననుకుంటాడు.

మా సందులో మ్యాచ్ రాత్రి ఫోన్‌లో చూస్తుంటే, బౌలర్ ఇంకా పరుగు మొదలెట్టకుండానే పక్కింటి కేబుల్ టీవీ నుంచి "ఔట్!" అని అరుపు వినిపిస్తుంది. నాకది చిరాకు. ఎక్స్ఛేంజీలో అదే పెట్టుబడి. స్టేడియంలో కూర్చుని ప్రసారం కంటే ముందే పాయింటు పంపేవాళ్ళున్నారు. 2014 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇలా చేశాడని ఒక బ్రిటిష్ యువకుణ్ణి అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎత్తేశారు. తెలివితేటలంటే చాలాసార్లు ఈ నాలుగు సెకన్లే.

బెట్‌ఫెయిర్‌కి ఈ సంగతి మనందరికంటే బాగా తెలుసు. 2008లో, ఎప్పుడూ గెలిచే కొద్దిమంది మీద ప్రీమియం ఛార్జ్ అని ఒకటి వేసింది. 2011 నాటికి అది కొందరికి లాభంలో 60 శాతం దాకా వెళ్ళింది. ఓడేవాళ్ళు త్వరగా ఖాళీ అయిపోతే బజారు మూతపడుతుంది మరి.

మా ఆఫీసులో ఆప్షన్స్ ఆడేవాళ్ళు దీన్ని చదివి నవ్వుకుంటారని తెలుసు. 2022-24 మధ్య మూడేళ్ళలో 93 శాతం మంది చిన్న ట్రేడర్లు అందులో నష్టపోయారని సెబీనే చెప్పింది. అక్కడ కనీసం డాలర్ రేటు ముందే ఖాయం చేసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ కంపెనీ లాంటివాడు ఒకడుంటాడు, నిజంగా భయాన్ని అమ్ముకోవాల్సిన అవసరం ఉన్నవాడు. పద్నాలుగో ఓవర్ భయం అవసరమై ఎవరికుంటుంది? అయినా ఈ తేడా నేననుకున్నంత గట్టిదేనా అని అనుమానం ఉంది.

మావాడికి నలోపాఖ్యానం చెప్పాను. ఋతుపర్ణుడు దారిలో తానిచెట్టును చూసి కాయల లెక్క చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కిస్తే సరిపోతుంది. ఆ విద్య నేర్చుకుని వెళ్ళి, ఏమీ తెలియని పుష్కరుడితో మళ్ళీ ఆడి ఒక్క పందెంలో రాజ్యం గెలుస్తాడు. న్యాయంగా చూస్తే శకుని చేసిందీ ఇదే. కాకపోతే నలుడు గెలిచాక పుష్కరుడి భాగం పుష్కరుడికి ఇచ్చి పంపేస్తాడు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. "పుష్కరుడు తమ్ముడు కాబట్టి ఇచ్చాడు" అన్నాడు తర్వాత. "నాకు అవతల ఎవడున్నాడో స్క్రీన్ చూపించదు కదరా."