అద్దె యింటిలో ఆయుధము

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28–34, లూకా 22:7–13, 35–51, అపొస్తలుల కార్యములు 16:25–34



మన పల్లె సంఘములలో పట్టాళమునుండి తిరిగివచ్చిన సోదరులు కలరు. వారిలో కొందరు లైసెన్సు పొంది, పన్నెండు బోరు తుపాకి కొని, పట్టణములో బ్యాంకు కాపలా ఉద్యోగమునకు పోవుదురు. పల్లెలో సొంత యిల్లున్నను పట్టణములో అద్దె యిల్లే గతి. రెండు గదులు, ఒక వసారా. ప్రక్క వాటాలో ఇంటివారు. ఇంటివారి పిల్లలు వీరి గదిలోనికి, వీరి పిల్లలు వారి గదిలోనికి పగలంతయు తిరుగుచునే యుందురు. ఆ రెండు గదులలో ఒక మూల తుపాకి యున్నది.

అద్దెకున్నవాడు, "లైసెన్సు నాది, తుపాకి నాది, బీరువా నాది; ఇంక నెవరికి లెక్క చెప్పవలెను?" అనును. ఇంటి యజమాని, "ఇల్లు నాది, నా యింటిలో ఏమి యున్నదో నాకు తెలియనక్కరలేదా?" అనును. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. చట్టము ఒప్పుకొన్నంత మాత్రమున మనస్సాక్షి పని ముగిసినదా? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

1. చట్టము అడుగునది

ముందుగా చట్టము సంగతి తెలిసికొందము. తెలియకపోవుట సాకు కానేరదు. మన దేశములో తుపాకి ఉంచుకొనుట అడిగి పొందవలసిన అనుమతి. 1878 నాటి పాత చట్టమునకు బదులుగా 1959లో ఆయుధ చట్టము వచ్చినది. 1962 అక్టోబరు 1 నుండి అది అమలులో నున్నది. లైసెన్సు నిచ్చు అధికారి సామాన్యముగా జిల్లా మేజిస్ట్రేటు. కమీషనరేటులున్న నగరములలో పోలీసు కమీషనరు. 2019లో జరిగిన సవరణచేత ఒక మనుష్యుడు సామాన్యముగా రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. అంతకుముందు మూడు ఉండవచ్చును. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది.

2016 నాటి నిబంధనలు భద్రపరచు విషయమై కూడ అడుగుచున్నవి. లైసెన్సు కోరువాడు తన ఆయుధమును, తూటాలను తాళము పడు పెట్టెలోనైనను ఇనుప బీరువాలోనైనను ఉంచెదనని, ఇంటిలోని చిన్నవారికి గాని హక్కులేని ఇతరులకు గాని చేజిక్కనియ్యనని హామీ వ్రాసి యియ్యవలెను. అద్దె యిండ్లవారు మరువకూడని మాట మరియొకటి కలదు. లైసెన్సులో వ్రాసిన చోటు విడిచి, ఆయుధముతో కూడ వేరొక చోట ముప్పది దినములకు మించి కాపురముండువాడు, మారిన ముప్పది దినములలోగా క్రొత్త చోటి అధికారికిని లైసెన్సు ఇచ్చిన అధికారికిని ఆ సంగతి తెలియజేయవలెను. ఏటేట ఇల్లు మారువారికి ఇది భారముగా తోచవచ్చును. అయినను షరతు మీరుట నేరమే. దండన భయముచేత మాత్రమే గాక మనస్సాక్షినిబట్టియు అధికారులకు లోబడవలెనని పౌలు రోమీయులకు వ్రాసిన పదుమూడవ అధ్యాయము మనకు క్రొత్త కాదు.

లైసెన్సు లేని నాటు తుపాకి సంగతి వేరు. దానిని ఎంత గట్టి బీరువాలో పెట్టినను అది నేరముగానే యుండును. తాళము భద్రత నిచ్చును గాని న్యాయము నియ్యదు.

2. పిట్టగోడ ధర్మము

ఇశ్రాయేలు దేశములో మిద్దెలు సమముగా నుండెడివి. జనులు వాటిమీద ధాన్యము ఎండబోయుదురు, చల్లగాలికి పండుకొందురు, అతిథులను కూర్చుండబెట్టుదురు. అందుచేత క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. కట్టనియెడల, ఎవడైన అక్కడనుండి పడినప్పుడు ఆ రక్తదోషము ఆ యింటిమీదనే నిలుచును. పడినవాడు జాగ్రత్తగలవాడా, అల్లరివాడా యని ఆ ఆజ్ఞ అడుగలేదు. అజాగ్రత్తపరుడు కూడ పడకుండుటకే గోడ.

ఇల్లు కట్టినవాడు వేరు, కాపురమున్నవాడు వేరైనప్పుడు భారమెవరిది? దీనికి జవాబు నిర్గమకాండములోని గోతి సంగతిలో దొరకును. గోయి త్రవ్వి కప్పకపోయినవాడు, అందులో ఎద్దో గాడిదయో పడి చచ్చినయెడల, నష్టము ఇచ్చుకొనవలెను. నేల ఎవరిదని అక్కడ ప్రశ్న లేదు. అపాయము తెరచినది ఎవరని ప్రశ్న. ఇల్లు యజమానిదే కావచ్చును, అందులోనికి వచ్చిన అపాయము తుపాకి తెచ్చినవానిది. అద్దె చీటీ ఆ భారమును ఇంటివానిమీదికి మార్చలేదు.

పొడుచు ఎద్దును గూర్చిన ఆజ్ఞ ఇంకొక మెట్టు పైకి పోవుచున్నది. ఎద్దు పొడుచునని ముందుగా హెచ్చరింపబడియు దానిని కట్టివేయని యజమానుని దోషము, తెలియనివాని దోషముకంటె ఎంతో ఎక్కువగా ఎంచబడెను. తుపాకి ఏమి చేయునో తెలియదని చెప్పగలవాడెవడు?

3. జవాబు రాకముందే

"నేను క్రమశిక్షణ గలవాడను, ఇరువది సంవత్సరములు తుపాకి పట్టితిని, నా చేతిలో అపాయము లేదు" అని సైనికుడైన సోదరుడు చెప్పవచ్చును. అది నిజమే కావచ్చును. కాని ఆయుధమును గూర్చిన ప్రశ్న మంచి ఘడియను గూర్చినది కాదు.

కడరాత్రి భోజనము జరిగిన మేడగది మన ప్రభువు సొంత గది కాదు. అది వేరొకరి యింటిలో అడిగి పుచ్చుకొన్న విడిది. ఆ పరాయి యింటిలో శిష్యులయొద్ద రెండు కత్తులుండెను. వారు వాటిని దాచలేదు. ఇవి యున్నవని ప్రభువుతో చెప్పిరి. చాలునని ఆయన సెలవిచ్చెను. ఆ రాత్రియే తోటలో, జనులు ఆయనను పట్టుకొనవచ్చినప్పుడు, కత్తితో కొట్టుదుమా యని శిష్యులు అడిగిరి. అడిగిరి గాని జవాబు వచ్చువరకు ఆగలేదు. ఒక కత్తి లేచెను, ఒక దాసుని చెవి తెగెను. కొట్టినవాడు దుర్మార్గుడు కాడు. గురువును ప్రేమించిన పేతురు. భయము, ప్రేమ, కోపము ఒక్కసారిగా పొంగినప్పుడు చేతికందిన ఆయుధము జవాబుకొరకు ఆగదు. తెగిన చెవిని ప్రభువు ముట్టి బాగుచేసెను. మన యింటిలో పేలిన తూటాను వెనుకకు పిలుచువారెవరు?

ఫిలిప్పీలోని చెరసాల నాయకుని సంగతి మరింత లోతైనది. అర్ధరాత్రి భూకంపమునకు మేలుకొని, తలుపులు తెరచియుండుట చూచి, ఖైదీలు పారిపోయిరనుకొని, అతడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. అతడనుకొన్నది పొరపాటు, ఖైదీలందరు అక్కడనే యుండిరి. పౌలు బిగ్గరగా కేకవేసెను. ఆ కేక అతనికి వినబడెను. ఆ కొంచెము వ్యవధి అతనిని బ్రదికించెను. తెల్లవారకముందే అతడును అతని యింటివారును సంతోషముతో భోజనమునకు కూర్చుండిరి.

నిరాశలో మనుష్యుడు నమ్మునది అనేకసార్లు నిజము కాదు. కాని ఆ మాట ఎవరైన చెప్పుటకు వ్యవధి కావలెను. నింపి యుంచిన తుపాకి ఆ వ్యవధి నియ్యదు. తాళము, వేరుగా దాచిన తాళపుచెవి, తుపాకియొద్ద కాక వేరొక పెట్టెలో తూటాలు — ఇవన్నియు దొంగనుండి, పిల్లలనుండి మాత్రమే గాక, మనలను మననుండియే కాపాడునవి. పురుగుల మందు డబ్బాను మంచము క్రింద పెట్టుకొను రైతు సోదరులకు కూడ ఈ మాట చెల్లును. ఇంటిలో ఎవరికైన మనోవేదన కలిగిన దినములలో, భార్యాభర్తల నడుమ తగవు ముదిరిన దినములలో, త్రాగుడు అలవాటు ఇంటిలో చేరిన దినములలో, తుపాకి ఆ కప్పుక్రింద ఉండకపోవుటయే మేలు. పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారియొద్ద గాని భద్రపరచుటకు అప్పగించి రసీదు పుచ్చుకొనవచ్చును. ఎన్నికల దినములలో అధికారులు అడిగినప్పుడు అప్పగించుచున్నాము గదా. మన యింటి మేలుకొరకు అప్పగించుట సిగ్గు కాదు.

4. ఇంటివారికి చెప్పవలెనా?

లైసెన్సు షరతు అధికారులకు తెలుపుమనుచున్నది. ఇంటి యజమానికి తెలుపుట మనస్సాక్షి అడుగునది. దీనికి రెండు అభ్యంతరములు వినబడును. రెండును తీసివేయదగినవి కావు.

మొదటిది: "చెప్పినయెడల ఊరంతయు తెలియును, దొంగలకు త్రోవ చూపినట్లగును." ఇది వివేకము గల మాట. కనుక వీధికి చెప్పవద్దు, ఉద్యోగపు మాటలలో గొప్పకు చెప్పవద్దు, పిల్లలచేత చెప్పింపవద్దు. ఎవరి బిడ్డలు ఆ గోడప్రక్క నిద్రించుచున్నారో వారికి మాత్రము చెప్పుము. గుట్టు వేరు, వంచన వేరు. అందరియొద్ద మౌనముగా నుండుట గుట్టు. తెలిసికొనవలసినవాని యొద్ద దాచుట వంచన.

రెండవది బాధతో వచ్చు మాట: "మాకు అద్దె యిల్లు దొరకుటయే కష్టము. పేరు అడుగుదురు, కులము అడుగుదురు, ఏ దేవుని మ్రొక్కుదురని అడుగుదురు. తరువాత ఇల్లు ఖాళీ లేదందురు. ఇక తుపాకి కూడ ఉన్నదని చెప్పినయెడల ఎవరిత్తురు?" ఈ అవమానము మన సంఘములలో అనేకులు అనుభవించినదే, దానిని తేలికచేసి మాటలాడుట న్యాయము కాదు. అయితే రెంటిని వేరుచేయవలెను. నీ కులమువలన ఇంటివాని బిడ్డకు అపాయము లేదు. నీ విశ్వాసమువలన అపాయము లేదు. వాటిని గూర్చి నీవు అతనికి లెక్క చెప్పనక్కరలేదు. అడుగుట అతని తప్పు. తుపాకి అట్టిది కాదు. అది అతని బిడ్డ ప్రాణమునకు సంబంధించినది. అన్యాయమైన ప్రశ్నకు జవాబు చెప్పకుండ ఉండుటకు నీకున్న హక్కును, న్యాయమైన ప్రశ్నను తప్పించుకొనుటకు వాడుకొనరాదు. మన పొరుగువాడు మనయెడల చేసిన తప్పు, అతని బిడ్డయెడల మనకున్న ఋణమును కొట్టివేయదు.

కాబట్టి అడ్వాన్సు ఇయ్యకముందే చెప్పుము. లైసెన్సు చూపుము, ఇనుప బీరువా ఎక్కడ నిలుపుదువో చూపుము, గోడకు మేకులు, బోల్టులు బిగింపవలసియుండిన సెలవడుగుము. అద్దె యింటిని వివేకముగలవాడు తన సొంత యింటిని వాడుకొనునట్లు వాడుకొనవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము కూడ చెప్పుచున్నది. ఆయుధము ఉంచనని అద్దె పత్రములో వ్రాసి సంతకము చేసినయెడల ఆ మాట నిలుపుకొనవలెను. తనకు నష్టము కలిగినను మాట తప్పనివాడే దేవుని గుడారములో నివసించునని పదునైదవ కీర్తన భావము.

5. ఇంటి యజమానులకు ఒక మాట

ఇల్లు అద్దెకిచ్చు సోదరులారా, మీకును కర్తవ్యము కలదు. నిజము చెప్పినవానిని నిజము చెప్పినందుకే శిక్షింపకుడి. మీరు వాని కెదురుగా తలుపు మూసినయెడల తరువాత వచ్చువాడు దాచుట నేర్చుకొనును. లైసెన్సు చూపమని, బీరువా చూపమని మర్యాదగా అడుగుడి. విన్న సంగతి మీ నోటనే ఉంచుకొనుడి.

అన్నిటికంటె ముఖ్యము: అద్దెకున్నవాడు పండుగకు ఊరు పోవుచు, "అన్నా, ఈ నాలుగు దినములు తుపాకి మీ గదిలో పెట్టుకొనుము" అనినయెడల, ప్రేమతో కాదనుడి. బీరువా తాళపుచెవి కూడ పుచ్చుకొనకుడి. లైసెన్సు ఆ మనుష్యునిదే గాని ఇంటిది కాదు. ఉపకారమని తలచి చేసినది ఇద్దరిని నేరస్థులను చేయును. అట్టి దినములకే పోలీసు స్టేషను, లైసెన్సు గల వ్యాపారి కలరు.

లైసెన్సుదారుడు అద్దె యింటిలోనే చనిపోయినయెడల విధవరాలిని ఒంటరిగా విడువకుడి. ఆమె ఆ తుపాకిని అమ్మరాదు, దాచరాదు, బంధువుల కియ్యరాదు. ఆలస్యము లేకుండ పోలీసు స్టేషనులోనో లైసెన్సు గల వ్యాపారియొద్దనో అప్పగింపవలెనని ఆయుధ చట్టము చెప్పుచున్నది. దుఃఖములో నున్న ఆమెకు ఈ సంగతి తోచకపోవచ్చును. సంఘపెద్దలు ఆమెతో కూడ స్టేషనువరకు నడచిపోయి, రసీదు చేతికి వచ్చువరకు ఉండుట పరిచర్యయే.

పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింటిలో కాపురముండెను. కావలి సైనికుడొకడు ఆయనయొద్ద నుండెను. సైనికుడు ఉత్తచేతులతో కాపలా కాయడు గదా. ఆ సంగతి వచ్చినవారందరికిని కనబడుచునే యుండెను. అయినను ఆయన తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొనుచుండెను. మన యిల్లు సొంతమైనను అద్దెదైనను, మన గడప దాటి వచ్చు పిల్లవాడు వచ్చినట్లే క్షేమముగా తిరిగి పోవలెను. ఈ రాత్రి నిద్రపోకముందు మీ తాళములను ఒకసారి చూచుకొనుడి.